నాలుగున్నర బెల్లు తర్వాత

*ఒక హైస్కూలు, ఒక కోర్టు, ముప్ఫై ఏళ్ళ సర్వీసు. బళ్ళారి సరిహద్దు నుంచి హైదరాబాదు చాదర్‌ఘాట్ దాకా, అక్కణ్ణుంచి అమెరికాలోని మేరీలాండ్ దాకా బడి ఆటల మాస్టార్ల సుదీర్ఘ వృత్తి జీవితం మీద ఈ వారం ముఖచిత్ర కథనం.*

బళ్ళారి నుంచి సిరుగుప్ప వైపో, మోకా వైపో వెళ్ళే దారిలో ఏ ప్రభుత్వ హైస్కూలు ముందైనా సాయంత్రం నాలుగున్నరకు బస్సు దిగండి. చివరి బెల్లు కొట్టగానే బడి ముప్పావు వంతు ఖాళీ అవుతుంది. బస్సు పాసుల పిల్లలు స్టాండు వైపు పరుగెత్తుతారు. మిగిలిన పది పన్నెండు మంది సంచులు గోడవారగా పడేసి, చెప్పులు వాటి పక్కన విడుస్తారు. ఆటల మాస్టారు బీరువా తాళం తీసి బాస్కెట్‌బాల్ బయటికి తెస్తారు. గాలి ఉందో లేదోనని రెండుసార్లు నేలకేసి కొట్టి చూస్తారు. గరుకంతా అరిగి నున్నబడిన బంతి, చెమట చేతుల్లో జారిపోతుంటుంది. రింగుకు వల ఉండదు. దాంతో బంతి లోపల పడిందా, పక్కనుంచి పోయిందా అన్న తగువు రోజూ ఉంటుంది. తీర్పు చెప్పాల్సింది విజిలు నోట్లో పెట్టుకున్న ఆ ఒక్క మనిషే.

ఒకడు 'పాస్ కొడప్పా' అని కన్నడంలో అరుస్తాడు. ఇంకొకడు 'నాకియ్‌రా, నాకియ్‌రా' అని తెలుగులో. మూడోవాడు 'ఇధర్, ఇధర్' అని ఉర్దూలో. మాస్టారు మూడింటికీ జవాబు చెబుతారు. ఆరు దాటేసరికి పిల్లలు ఒక్కొక్కరే జారుకుంటారు. ఒకమ్మాయి ఇంటికెళ్ళి నీళ్ళు పట్టాలి. ఒకబ్బాయి జీన్స్ ప్యాంట్ల దారాలు కత్తిరించాలి. బళ్ళారిలో జీన్స్ కుట్టు చాలా ఇళ్ళకు అన్నం పెట్టే పని. చీకటి పడుతుండగా మాస్టారు బంతి మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మర్నాడు మళ్ళీ నాలుగున్నర.

ఇప్పుడు దేశమంతా ఆటల గురించి పెద్ద మాటలు వినిపిస్తున్నాయి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి, ఆ తర్వాత ఒలింపిక్స్ అంటున్నారు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చినప్పుడు హైదరాబాదు ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ పేరు కొత్త తరానికి తెలిసింది. స్టేడియాల గురించి, కోట్ల గురించి, పతకాల గురించి ఇంత మాట్లాడుకుంటున్నప్పుడు నాలుగున్నర బెల్లు తర్వాత గ్రౌండులో నిలబడే మనిషి గురించి కూడా మాట్లాడుకోవాలి. ఆటగాడి జీవితం పదేళ్ళు, మహా అయితే పదిహేనేళ్ళు. మాస్టారిది ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళు. ఆయన చేతిమీదుగా ముప్ఫై బ్యాచ్‌లు వెళ్ళిపోతాయి. ఆయన అక్కడే ఉంటాడు. ఆ ఉండటమే ఆయన చేసే అసలు పని అని నా నమ్మకం.

మద్రాసు మీదుగా వచ్చిన ఆట

బళ్ళారి 1800లో నిజాం చేతి నుంచి కంపెనీ చేతికి వచ్చిన దత్తమండలాల్లోది. థామస్ మన్రో ఆ జిల్లాలను పాలించాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఇది మద్రాసు పాలనలోనే ఉంది. ఇక్కడి బడుల రూపం, ఆటల పీరియడు కూడా మద్రాసు పోలికలోనే ఏర్పడ్డాయి. పాతకాలపు బడుల్లో ఆటల పాఠమంటే కవాతే. పటాలం నుంచి పింఛను పుచ్చుకుని వచ్చిన హవల్దారు వరసలో నిలబెట్టి, ఎడమ కుడి అనిపించి వదిలేసేవాడు. కంటోన్మెంటు ఉన్న బళ్ళారికి ఇది అలవాటైన దృశ్యమే.

ఆ పద్ధతిని మార్చిన వాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు హ్యారీ క్రో బక్. ఈ అమెరికన్ 1919లో మద్రాసు వచ్చి, మరుసటి ఏడాది వైఎంసీఏ తరఫున వ్యాయామ విద్య బోధించే శిక్షణ పాఠశాల పెట్టాడు. అదే తర్వాత కళాశాల అయింది, 1932లో సైదాపేటకు మారింది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత బృందం వెంట ఆయన ఉన్నాడు. 1943లో మద్రాసులోనే కన్నుమూశాడు. బక్ దగ్గర నేర్చుకున్న వాళ్ళు తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ జిల్లాల హైస్కూళ్ళకు వెళ్ళారు. వాళ్ళతో పాటు వాలీబాల్, బాస్కెట్‌బాల్ కూడా వెళ్ళాయి. ఈ రెండు ఆటలూ పుట్టింది వైఎంసీఏ గదుల్లోనే.

బాస్కెట్‌బాల్‌లో ఒక సుగుణం ఉంది. అది ఆటల మాస్టారు తన విద్యార్థుల కోసం కనిపెట్టిన ఆట. రాజులు ఆడింది కాదు, దొరల క్లబ్బుల్లో పుట్టింది కాదు. ఒక చదును నేల, రెండు స్తంభాలు, రెండు రింగులు, ఒక బంతి చాలు. ఈ ఆట చిన్న ఊళ్ళ హైస్కూళ్ళలో ఇంకా విస్తారంగా పాతుకోలేదంటే నాకు బాధగా ఉంటుంది.

> పది అడుగుల ఎత్తు ఎందుకంటే…
>
> 1891 డిసెంబరు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ పాఠశాల. చలికాలంలో లోపల ఆడుకునే ఆట ఒకటి కావాలని 30 ఏళ్ళ వ్యాయామ ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్‌కు పురమాయించారు. ఆయన పీచ్ పళ్ళ బుట్టలు రెండు తెప్పించి బాల్కనీ కమ్మీకి కొట్టించాడు. ఆ కమ్మీ ఎత్తు పది అడుగులు. నేటికీ రింగు ఎత్తు అదే, 3.05 మీటర్లు. మొదటి బంతి ఫుట్‌బాల్. మొదటి నియమాలు 13. మొదటి ఆటలో జట్టుకు తొమ్మిది మంది.
>
> ఆయనే తర్వాత కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జట్టుకు కోచ్ అయ్యాడు. 55 గెలిచి 60 ఓడాడు. ఆ విశ్వవిద్యాలయం చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఈ ఆటను కనిపెట్టిన మనిషే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో తన ఆటను చూసుకున్నాడు.
>
> మన దేశంలో తొలి జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో జరిగాయి. సమాఖ్య 1950లో ఏర్పడింది. భారత పురుషుల జట్టు ఒలింపిక్స్ ఆడింది ఒక్కసారే, 1980 మాస్కోలో.

కాచిగూడ బడి నుంచి జకార్తా దాకా

1962 సెప్టెంబరు 4, జకార్తా. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. స్టేడియం నిండా లక్ష దాకా జనం, భారత జట్టు కనిపిస్తే చాలు గేలి. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వనందుకు భారత క్రీడాధికారి సోంధీ అభ్యంతరం చెప్పాడన్న కోపం వాళ్ళది. ఎదుట దక్షిణ కొరియా. ఇదే జట్టు తొలి మ్యాచ్‌లో మనవాళ్ళను 2-0తో ఓడించింది. జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. వెనక వరసలో ఆడాల్సిన ఆ జర్నైల్‌ను కోచ్ ముందు వరసలోకి పంపాడు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనది. గీత బయట నిలబడిన కోచ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశాడు.

ఈ కథ ఇప్పుడు సినిమా చూసిన వాళ్ళందరికీ తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులు అన్న సంగతి మాత్రం ఎక్కువమందికి పట్టదు. 1909 ఆగస్టు 17న పుట్టిన ఆయన ఉస్మానియాలో డిగ్రీ చేసి కాచిగూడ మిడిల్ స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరాడు. ఆ తర్వాత ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, రిటైరయ్యేదాకా బడి ఆటల బాధ్యత చూశాడు. దేశ జట్టును 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణానికీ, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాలుగో స్థానానికీ తీసుకెళ్ళిన మనిషి వృత్తి రీత్యా బడి మాస్టారే. ఆయన శిక్షణలోనే హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన శిక్షణ పద్ధతులను చూస్తే బడి గది అలవాటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పిల్లలు బంతిని తమ దగ్గరే పెట్టుకుని తిప్పుతున్నారా? అయితే డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంటు పెట్టేవాడు. బంతి రాగానే పంపించెయ్యాలి, వేగం దానంతటదే వస్తుంది. కుడికాలి వాటం పిల్లలను ఎడమకాలితోనే తన్నమనేవాడు. పొట్టి పిల్లలకు అవకాశం రావడం లేదనిపిస్తే ఎత్తు హద్దు పెట్టి వాళ్ళకో పోటీ జరిపేవాడు. ప్రతి పిల్లవాడికీ ఏదో ఒక లోటు ఉంటుంది. ఆ లోటును తిట్టకుండా దాని చుట్టూ ఒక ఆట కట్టడం రోజుకు నలభై మంది పిల్లల ముఖాలు చూసేవాడికే తడుతుంది.

అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకు ప్రాక్టీసుకు రావడానికి దారి ఖర్చులు లేవు. సైకిలు అద్దెకు మాస్టారే డబ్బులు సర్దారని బలరాం చెప్పుకునేవాడు. 1956 ఒలింపిక్స్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్‌లతో పాటు ఆ బలరాం కూడా ఉన్నాడు. ఏ ఊరి మాస్టారిని అడిగినా ఇలాంటి సైకిలు కథ ఒకటి ఉంటుంది. బూట్లు కొనిచ్చిన కథ, సెలక్షన్స్‌కు బస్సు చార్జీ పెట్టుకున్న కథ, ఆడపిల్ల తండ్రిని ఒప్పించడానికి అరుగు మీద కూర్చుని టీ తాగిన కథ. ఇవేవీ సర్వీసు రిజిస్టరులోకి ఎక్కవు.

> భీముడూ మాస్టారే
>
> ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకున్న కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు సర్కస్ పెట్టకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ పనికి శిక్షణ తీసుకున్నది మద్రాసు సైదాపేటలో.
>
> 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. ఆమె చేత మొదట బరువులెత్తించింది ఆమదాలవలస కోచ్ నీలంశెట్టి అప్పన్న. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ తొలి పాఠం నేర్చుకున్నది రైలు స్టేషను ఉన్న ఓ చిన్న ఊళ్ళో.

హైస్కూలు దాటని హైస్కూలు కోచ్

బాస్కెట్‌బాల్‌కు అమెరికాలో హైస్కూలే పునాది. మేరీలాండ్‌లో, వాషింగ్టన్ శివారు హయాట్స్‌విల్‌లో డిమాథా అనే క్యాథలిక్ బాలుర బడి ఉంది. అక్కడ మోర్గన్ వూటెన్ 1956 నుంచి 2002 దాకా కోచ్‌గా ఉన్నాడు. ఒకే బడి, 46 సీజన్లు. 1,274 గెలుపులు, 192 ఓటములు. ఆయన తరగతి గదిలో చరిత్ర పాఠం చెప్పేవాడు, సాయంత్రం ఆట నేర్పేవాడు. కుర్రతనంలో ఒక అనాథాశ్రమం పిల్లలకు బేస్‌బాల్ నేర్పితే ఆ జట్టు ఆడిన 16 ఆటలూ ఓడిపోయింది. ఆ ఓటములతో ఆయన పని మానలేదు.

1965 జనవరిలో వూటెన్ జట్టుకు న్యూయార్క్ నుంచి వచ్చిన పవర్ మెమోరియల్ బడి ఎదురైంది. వరసగా 71 ఆటలు గెలిచిన జట్టది. అందులో ఏడడుగుల లూ ఆల్సిండర్ ఉన్నాడు, తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా ప్రపంచం చూసిన వాడు. ఏ షాటు వేసినా అతని చెయ్యి అడ్డొస్తుంది. వూటెన్ ప్రాక్టీసులో తన పిల్లల చేతికి టెన్నిస్ రాకెట్లు ఇచ్చి రింగు ముందు ఎత్తి పట్టుకోమన్నాడు. మిగతావాళ్ళు ఆ రాకెట్ల మీదుగా బంతి వెయ్యడం నేర్చుకున్నారు. 46-43తో డిమాథా గెలిచింది. ఎడమకాలి టోర్నమెంటు పెట్టిన రహీం సాబ్‌కూ ఈయనకూ మధ్య సముద్రాలున్నా ఆలోచన ఒక్కటే. ఉన్న పిల్లలతోనే, దొరికిన సామానుతోనే దారి వెతకడం.

టెక్సాస్ చిన్న ఊళ్ళ అమ్మాయిలకు నేర్పిన లీటా ఆండ్రూస్ గురించి మన ఆడపిల్లల తల్లిదండ్రులకు చెప్పాలి. కొమాంచి, గ్రాన్‌బరీ లాంటి ఊళ్ళు ఆమెవి. అయిదు దశాబ్దాలకు పైగా కోచ్‌గా ఉండి 2014లో విరమించేనాటికి 1,416 విజయాలు ఆమె ఖాతాలో ఉన్నాయి. అక్కడ శుక్రవారం రాత్రి బడి ఆట ఉంటే ఊరంతా కదిలి వచ్చి బల్లల మీద కూర్చుంటుంది. కోచ్‌ను అన్నేళ్ళు నిలబెట్టేది ఆ ఊరే. మన దగ్గర జోనల్స్ ఆటలు జరుగుతుంటే గట్టు మీద అయిదారుగురు పిల్లలు, టీ కొట్టతను, ఇద్దరు మాస్టార్లు తప్ప చూసేవాళ్ళుండరు. ఆడే పిల్లల అమ్మానాన్నలు కూడా రారు. కూలికి పోయినవాళ్ళు ఎలా వస్తారు?

ఎందుకు నిలవడం లేదు?

మన బడుల్లో ఆట నిలవకపోవడానికి ఖాళీలు నింపకపోవడం ఒక కారణం. ఒక మాస్టారు రిటైరైతే ఆ బీరువా తాళం గణితం సారు దగ్గరికో, ప్రధానోపాధ్యాయుడి సొరుగులోకో చేరుతుంది. బంతి గాలి తగ్గి ముడుచుకుపోతుంది. రెండేళ్ళకు గ్రౌండులో తుమ్మచెట్లు మొలుస్తాయి. మళ్ళీ ఎవరైనా వచ్చినా మొదటినుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే చిన్నవాళ్ళు చూసి నేర్చుకోవడానికి పెద్ద బ్యాచ్ ఉండదు. బడి ఆటలో సగం పాఠాలు పదో తరగతి వాడి నుంచి ఎనిమిదో తరగతి వాడికి అందుతాయి. ఆ గొలుసు ఒక్క ఏడాది తెగితే అతకడానికి మూడేళ్ళు పడుతుంది. బదిలీల కౌన్సెలింగులో ఈ సంగతి ఎవరి లెక్కలోకీ రాదు.

ఉన్న మాస్టారినీ గ్రౌండులో ఉండనివ్వరు. ఎన్నికల డ్యూటీ, సర్వేలు, మధ్యాహ్న భోజనం వరస, ప్రార్థన క్రమశిక్షణ, రాని టీచరు పీరియడు. పదో తరగతి పిల్లలకు దసరా దాటాక ఆటల పీరియడే ఉండదు, ఎస్సెస్సెల్సీ ఫలితాల భయం అలాంటిది. ప్రైవేటు బడుల్లో చాలావాటికి గ్రౌండే లేదు. మేడమీద మేడ, కింద సైకిల్ స్టాండు.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఏడో తరగతిలో అందరికన్నా వేగంగా పరుగెత్తిన అమ్మాయి తొమ్మిదిలో గట్టు మీద కూర్చుని చూస్తుంటుంది. మరుగుదొడ్డి లేదనో, నిక్కరు వేసుకోవాలనో, చీకటి పడుతుందనో. ఈ ప్రాంతంలో చిన్న వయసు పెళ్ళిళ్ళు ఇంకా పోలేదు. మాస్టారు ఎంత మంచివాడైనా ఆ ఇంటి అరుగు దాటి లోపలికి వెళ్ళలేడు. ఆడమాస్టారైతే వెళ్ళగలదు. ప్రతి హైస్కూలుకూ ఒక మహిళా వ్యాయామ ఉపాధ్యాయిని ఉండాలనడానికి నా దృష్టిలో ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

సరిహద్దు చిక్కులు మరికొన్ని. 1953లో గీత గీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర వైపు ఉన్నాయి. బళ్ళారి, సిరుగుప్ప, హోస్పేట, సండూరు మైసూరుకు వెళ్ళాయి. చుట్టరికాలు, సంతలు, పెళ్ళి సంబంధాలు ఆ గీతను పట్టించుకోలేదు. ఆటలు మాత్రం పట్టించుకున్నాయి. ఇటు పిల్లలు తాలూకా, జిల్లా, కలబురగి విభాగం మీదుగా బెంగళూరు దారి పట్టాలి. అటు పిల్లలకు మండలం, జోను, విజయవాడ. పక్కపక్క ఊళ్ళ జట్లు కలిసి అధికారికంగా ఆడేది జాతీయ స్థాయికి వెళితేనే. అక్కడిదాకా వెళ్ళేది ఎందరు? రాయదుర్గం మాస్టారు, బళ్ళారి మాస్టారు ఫోన్లు చేసుకుని ఆదివారాలు స్నేహపూర్వక మ్యాచ్‌లు పెట్టుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెట్టుకోవాలి.

> చట్టంలో ఉన్నది
>
> 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. ఆట సామాను ప్రతి తరగతికీ ఇవ్వాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. ఆ చట్టం ఎనిమిదో తరగతితో ఆగుతుంది. ఆట కుదురుకునే వయసు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఎర్రమట్టి డబ్బు ఎటు పోవాలి?

ఈ జిల్లాలో డబ్బు లేదని ఎవరూ అనలేరు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు చైనా సిద్ధమవుతున్న రోజుల్లో ఇనుప ఖనిజం ధర ఎగబాకి, బళ్ళారి కొండలు లారీలకెక్కి రేవులకు వెళ్ళిపోయాయి. సండూరు, హోస్పేట చుట్టుపక్కల బడి ఈడు పిల్లలు గనుల దగ్గర రాళ్ళు కొట్టారు. 2011లో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించేదాకా ఆ జోరు సాగింది. ఎర్రదుమ్ము కమ్మిన గ్రౌండుల్లో ఆ ఏళ్ళలో ఆడాల్సిన పిల్లల్లో ఎందరు లారీ క్లీనర్లయ్యారో ఆనాటి మాస్టార్లకు పేరుపేరునా తెలుసు.

అదే సండూరు తాలూకాలో తోరణగల్లు ఉక్కు కర్మాగారం పక్కన, విజయనగర్ టౌన్‌షిప్‌లో 2018లో ఇన్‌స్పైర్ క్రీడా సంస్థ మొదలైంది. కుస్తీ, బాక్సింగ్, జూడో, అథ్లెటిక్స్‌లకు దేశంలో అంత మంచి వసతులున్న చోట్లు కొద్దే. నీరజ్ చోప్రా అక్కడ సాధన చేశాడు. 2021 జాతీయ పురుషుల బాక్సింగ్ పోటీలు అక్కడే జరిగాయి. ఇది జిల్లాకు గర్వకారణమే, సందేహం లేదు. అయితే అలాంటి సంస్థ అప్పటికే మెరిసిన పిల్లను ఎంచుకుంటుంది. ఆ పిల్ల మెరిసేదాకా చూసినవాడు ఎక్కడో ఒక హైస్కూల్లో ఉండాలి. హర్యానాలో అఖాడా ఆ పని చేస్తుంది. ఇక్కడ చేయగలిగింది బడి ఒక్కటే.

గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఏర్పడింది. గని యజమానులు కట్టే సొమ్ము గనుల ప్రభావం పడిన ఊళ్ళ కోసం ఖర్చు పెట్టాలి. చదువు దాని ముఖ్య పద్దుల్లో ఒకటి. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. అంటే 420 చదరపు మీటర్ల సిమెంటు నేల, రెండు ఇనుప స్తంభాలు, రెండు బోర్డులు. ఇనుముకు కరువు లేని జిల్లా ఇది. రాత్రి ఏడున్నర దాకా వెలిగే నాలుగు దీపాలు పెడితే పనికెళ్ళి వచ్చిన పిల్లలూ ఆడగలరు, అమ్మాయిల ఇళ్ళలో చీకటి భయమూ కొంత తగ్గుతుంది. కోర్టు కట్టడం తేలిక భాగం, గుత్తేదారు మూడు నెలల్లో పూర్తిచేస్తాడు. కష్టమైనది మనిషిని నిలపడం. సాయంత్రం పనికి భత్యం, ఎన్నికల డ్యూటీ నుంచి మినహాయింపు, బదిలీ కోరుకోని మాస్టారికి అదే బడిలో కొనసాగే హక్కు కావాలి.

హోస్పేట కేంద్రంగా 2021లో విజయనగర జిల్లా విడిపోయాక బళ్ళారి జిల్లాకు మిగిలినవి అయిదు తాలూకాలు: బళ్ళారి, కురుగోడు, సిరుగుప్ప, కంప్లి, సండూరు. తాలూకాకు ఒక ప్రభుత్వ హైస్కూలును ఎంచుకుని, వచ్చే జూన్‌లో బడి తెరిచేలోగా కోర్టు వేసి, ఒక మాస్టారినీ ఒక ఉపాధ్యాయినినీ నియమించి పదేళ్ళ పాటు కదపకుండా ఉంచాలి. జిల్లా పంచాయతీ తలుచుకుంటే ఈ ఏడాదే తీర్మానం చేయొచ్చు.